ఊగి చూపించే మనిషి

మా బావగారి మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది నిన్న మొన్నటి మంట కాదు. ఆయన తాళ్ళ కొట్టు గుమ్మంలో కాలు పెట్టిన ప్రతిసారీ రాజుకుంటుంది, బయటికొచ్చి రెండు వీధులు దాటితే గానీ చల్లారదు. అయినా ఆ కొట్టుకు వెళ్ళక తప్పదు. మా అక్క పగలంతా ఉండేది అక్కడే.

కొట్టు పెద్దదేమీ కాదు. ముందొక గది, వెనకొక గది. ముందుగదిలో గోడ పొడుగునా ఇనపకడ్డీలు, వాటికి తాళ్ళ రీళ్ళు. లావువి కింది వరసలో, సన్నవి పైన. ఒక మూల మడతపెట్టిన టార్పాలిన్ పట్టాల గుట్ట, ఇంకో మూల ఇనప మేకుల బస్తాలు. అడవుల్లోకి, కొండల మీదికి వెళ్ళి రెండు చెట్ల మధ్య గుడ్డ ఊయల కట్టుకుని, పైన వానకి పట్టా కప్పుకుని పడుకునేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. కుర్రకారు దాన్ని హ్యామక్ అంటారు, మాకు మాత్రం ఊయలే. వాళ్ళందరికీ కావలసిన సరంజామా ఈ కొట్టులో దొరుకుతుంది. వెనకగది అక్కది. అందులో ఊయలలు కుట్టే మిషను, తాడు కొసలు పీచు లేవకుండా కాల్చడానికి చిన్న స్టవ్వు, ఆ స్టవ్వు మీదే టీ గిన్నె.

ముందుగది పైకప్పు దూలానికి రెండు కొక్కేలు ఉంటాయి. ఆ కొట్టు పరువంతా ఆ రెండు కొక్కేల మీదే ఉంది. బావగారి నాన్న పెట్టిన పద్ధతి అది. మనిషి బరువు మోయాల్సిన తాడు ఏదైనా సరే, అమ్మేవాళ్ళు ముందు దానికి ఊయల కట్టి, అందులోకి ఎక్కి, ఊగి చూపించాలి. ఆ పెద్దాయన దిట్టమైన మనిషి. ఎక్కి కాళ్ళు పైకెత్తి ఊగితే దూలం కిర్రుమనేది. చూసినవాళ్ళు మారుమాట్లాడకుండా కొనుక్కుపోయేవాళ్ళు.

ఆయన పోయాక కొట్టు బావగారి చేతికొచ్చింది. పద్ధతి మాత్రం పోలేదు. కొనేవాళ్ళు ఊరుకోరు కదా, "ఊగి చూపిస్తారట?" అని అడుగుతారు. కానీ బావగారికి నడుంనొప్పి. ఆ నడుము అన్నానికి వంగుతుంది, పేకాటకి గంటలు గంటలు కూర్చుంటుంది, కొక్కెం పేరు చెబితే మాత్రం పట్టేస్తుంది. అందుకని ఊగడం అక్క వంతుకు వచ్చింది. "ఇదిగో, ఒకసారి రా" అని ఆయన వెనకగదిలోకి కేకేసేవారు. ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చి, చెప్పులు విడిచి, ఊయల ఎక్కి, నాలుగు ఊపులు ఊగి, దిగి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. పెళ్ళైన కొత్తల్లో మొదలైన ఆ ఊగుడు తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా ఆగలేదు.

మా అక్క ఎంత ఉంటుందనుకున్నారు? గట్టిగా తుమ్మితే ఎగిరిపోతావే అని మా అమ్మ వేళాకోళం చేసేది. అలాంటి మనిషి ఎక్కితే తెగని తాడు, నాలాంటిది ఎక్కితే తెగదని ఏమిటి నమ్మకం? నేను భారీ మనిషిని. దాచుకుంటే దాగేది కాదు కాబట్టి చెప్పేస్తున్నాను, బస్సులో నా పక్క సీటు ఎవరూ కోరి తీసుకోరు. ఈ ప్రశ్న బావగారిని మొహం మీదే అడిగాను.

"తాడు బలం చూడాలి గానీ మనిషి బరువు కాదు మరదలా" అని పళ్ళికిలించారు.

ఆ మాటకి అర్థమేమిటో నాకిప్పటికీ తెలియదు. ఆయనకీ తెలియదని నా నమ్మకం.

కొట్టులో సరుకు ఎప్పుడూ మంచిదే కాబట్టి ఇన్నేళ్ళూ ఏ పేచీ రాలేదు. అక్క భుజం మాత్రం పాడైంది. ఎక్కిన ప్రతిసారీ కుడిచేత్తో తాడు పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాలి కదా. ఇప్పుడు నీళ్ళ బిందె ఎత్తాలన్నా ఎడమ చెయ్యే. ఊళ్ళోవాళ్ళ ఊయలలన్నీ ఊగిన మనిషి, ఒక్కసారైనా చెట్టు కింద ఊగిందా? లేదు. కొన్నవాళ్ళు తిరిగొచ్చి, పైన ఆకులు, ఆకుల మధ్య ఆకాశం, తెల్లారేసరికి పిట్టల గోల అని కథలు చెబుతుంటే, స్టవ్వు మీద తాడు కొసలు కాలుస్తూ వినేది.

అలాంటిది, ఒకరోజు నేను వెళ్ళేసరికి వెనకగదిలో నేల మీద కాటా పెట్టుకుని, చుట్టూ తాడు ముక్కలు పరుచుకుని కూర్చుంది.

"ఏంటే ఇదంతా?" అన్నాను.

"నేనూ వెళ్తున్నా" అంది తలెత్తకుండా.

పొద్దున్నే పార్కులో నడిచే ఆడవాళ్ళ జట్టు ఒకటుంది. ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరుగా చేసినావిడ దానికి నాయకురాలు. కంచు గొంతు, ఇంచుమించు నా అంత ఒళ్ళు. ఆ జట్టు అడవిలో మూడు రోజుల నడకకు బయల్దేరుతోంది, మీరూ రండి అని ఆవిడ అక్కని పిలిచింది. షరతు ఒక్కటే, ఎవరి మూట వాళ్ళే మోసుకోవాలి. మొయ్యలేనివాళ్ళు మొదటి మజిలీ దగ్గరే ఆగిపోవాలి. అక్క భుజానికి అదే పరీక్ష. అందుకే ప్రతి ముక్కనీ కాటాలో వేసి తూస్తోంది.

నేను లావుతాడు ఒకటి తీసి ఇచ్చాను. "ఇది తీసుకుపో. ఏనుగెక్కినా తెగదు."

"తెగదు, సరే. మోసేదెవరు? పైగా వానకి తడిస్తే నీళ్ళు తాగి ఇంకా బరువెక్కుతుంది."

"పోనీ ఈ సన్నది?"

"అది నైలాను. బలమైనదే, కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టిన పట్టా తెల్లారేసరికి మొహం మీదకి దిగుతుంది. పట్టాకి ఇదిగో, ఈ పాలిస్టరు. సాగదు, బరువుండదు. రంగు కూడా పసుపుపచ్చ తీసుకున్నా, చీకట్లో ఎవరి కాలికీ అడ్డం పడకుండా."

"చెట్టుకీ అదే చుడతావా?"

"చెట్టుకి సన్నతాడు చుడితే బెరడు కోసుకుపోదూ! వెడల్పాటి పట్టీ వెయ్యాలి." అప్పటికే కుట్టుకున్న రెండు పట్టీలు చూపించింది. "ఇక మిగిలింది ఒక్కటే. పట్టీకీ ఊయలకీ మధ్య కట్టే తాడు. మనిషి బరువంతా పడేది దాని మీదే. మంచిదంటే ఈ నీలం రీలు ఉంది గానీ, అది వేస్తే మూట బరువెక్కుతోంది. ఏం చెయ్యాలో తోచడం లేదు."

కళ్ళు మెరుస్తున్నాయి. అక్క అంతసేపు మాట్లాడగా నేను వినడం ఎన్నాళ్ళకో.

"బావగారేమన్నారు?"

"ఇంకా అడగలేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అడగడమేంటే? చెప్పు, వెళ్ళు!"

"కొట్టు ఎవరు చూస్తారు మరి?"

"నేను కూర్చుంటా." నేను సంచులు కుట్టే కార్ఖానాలో మిషను మీద పనిచేస్తాను, సెలవు పెట్టడం పెద్ద కష్టం కాదు. "ఏం, తాడు కోసివ్వడానికి నాకు చేతులు లేవా?"

ఆ సాయంత్రం అక్క అడిగింది. బావగారు ముందు పగలబడి నవ్వారట. "ఈ వయసులో నీకు ఊయలేంటే?" అన్నారట. పెళ్ళాన్ని ఈ వయసు వరకూ కొక్కేనికి వేలాడదీసిన మనిషి ఆ మాట అన్నారంటే, ఆ నోటిని ఏమనాలో మీరే చెప్పండి.

కానీ మర్నాటికి ఆయన గాలి మారింది. ఒక కొత్త రీలు తెచ్చి అక్క ముందు పెట్టారు. నారింజరంగు తాడు, సన్నగా నిగనిగలాడుతోంది. "ఇది చూడు, ఈకంత బరువు కూడా లేదు. నీ ఊయలకి ఇదే కట్టుకో. శనివారం ఆ జట్టువాళ్ళంతా వస్తున్నారు, అందరికీ ఇదే ఇద్దామనుకుంటున్నా. వాళ్ళ ముందు ఒకసారి ఊగి చూపించు. తర్వాత నువ్వూ హాయిగా వెళ్ళిరా" అన్నారు.

అక్క పొంగిపోయి నాకు ఫోను చేసింది. "ఆయనంతట ఆయనే తెచ్చిచ్చారే" అని రెండుసార్లు చెప్పింది. మా బావగారు ఊరికే పిల్లికి పాలు కూడా పొయ్యరు, ఇందులో ఏదో తిరకాసు ఉందని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ గొంతులో సంతోషం విని మింగేశాను.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ ఫోను. ఈసారి గొంతులో ఏమీ లేదు. "ఒకసారి రా" అని పెట్టేసింది.

బావగారు భోంచేసి ఇంట్లో కునుకు తీస్తున్నారు. కొట్టులో కొక్కేల కింద ఊయల ఒక పక్కకి పడి ఉంది, ఇనప మేకులు గదంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. అక్క వాటి మధ్య గొంతుక్కూర్చుని, తెగిన నారింజతాడు కొస చేతిలో పట్టుకుని ఉంది.

"కొస కాలుద్దామని కోస్తే లోపలి పోగులు కనిపించాయి" అంది. "పైన అల్లిక బాగానే ఉంది. లోపల ఉండాల్సినన్ని పోగులు లేవు. అనుమానమొచ్చి ఊయల కట్టి మేకులు పోసి చూశా. నా అంత బరువుకి ఆగింది. నీ అంత కాకముందే తెగిపోయింది."

"అంటే ఆ డ్రిల్లు టీచరెక్కితే..."

"ఆవిడ దాకా ఎందుకు? నేను పక్కకి తిరిగినా, దిగేటప్పుడు ఊపు తగిలినా తెగుతుంది. కింద రాళ్ళుంటే నడుం విరుగుతుంది. పట్టా లాగి కట్టడానికైతే పనికొస్తుంది, అంతే."

"పద, ఇప్పుడే ఇంటికెళ్ళి ఆ నిద్ర వదలగొడతాను" అని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆయనకి తెలీదేమో."

"తెలీకపోవడమేంటే? పుట్టి బుద్ధెరిగింది ఈ తాళ్ళ మధ్యే కదా!"

"తెలిస్తే నాకు ఇస్తారా?" అంది. నన్ను బతిమాలుతున్నట్టు చూసింది. "నాకు కూడా ఇదే ఇచ్చారు కదే."

ఇద్దరం కింద కూర్చుని మేకులన్నీ ఏరి బస్తాలో పోశాం. ఆయనకి ఏమీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. రేపటిదాకా నోరు మూసుకో, అంది. నా నోరు మూయించడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి తెలుసు.

శనివారం పొద్దున జట్టు దిగింది. ఆడవాళ్ళంతా పట్టాలు తడుముతూ, సంచులు భుజాన వేసుకుని చూస్తూ ఉంటే కొట్టు సందడిగా ఉంది. బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్యలో నిలబడి నారింజరీలు అరచేతిలో ఎగరేస్తున్నారు.

"చూశారా అమ్మా, దీని బరువు! జేబులో వేసుకుంటే ఉందో లేదో తెలియదు. పట్టాకి ఇదే, ఊయలకి ఇదే. మా కొట్టు సంగతి మీకు తెలుసుగా, ఊగి చూపించందే అమ్మం." వెనక్కి తిరిగి కేకేశారు. "ఇదిగో, ఒకసారి రా!"

అక్క వచ్చింది. నారింజతాడుతో కొక్కేలకి ఊయల కట్టింది. మూలనున్న పట్టాల గుట్టలోంచి నాలుగైదు తెచ్చి ఊయల కింద మెత్తగా పరిచింది. ఎన్నడూ అలా పరిచింది లేదు. ఊయల మూరెడు ఎత్తున వేలాడుతోంది. చెప్పులు విడుస్తుందని అందరం చూస్తున్నాం. విడవలేదు.

"ఈసారి మీరెక్కండి" అంది.

బావగారు అటూ ఇటూ చూశారు. "ఎవరు?"

"మీరేనండీ."

నాకప్పుడు బుర్ర వెలిగింది. ఆయన ఎక్కితే తాడు తెగుతుంది, పట్టాల మీద దబ్బున పడతారు. దెబ్బేమీ తగలదు, కానీ ఆయనకి ఏమీ తెలియదని తేలిపోతుంది. అక్కకి కావలసింది అదే. పడండి బావగారూ, పడండి అని నేను లోపల మొక్కుకున్నాను. ఆయన కింద పడాలని అంతకుముందు నేను చాలాసార్లు కోరుకున్నాను గానీ, ఆయన మంచి కోసం కోరుకున్నది మాత్రం అప్పుడే.

"నా నడుము సంగతి తెలుసుగా" అన్నారు ఆయన.

"ఊయలలో పడుకుంటే నడుముకి హాయి అని మీరే కదా అందరికీ చెప్తారు."

ఆడవాళ్ళు నవ్వారు. "ఎక్కండి సార్, మేం పట్టుకుంటాంలే" అంది డ్రిల్లు టీచరు.

బావగారు నవ్వబోయారు. ఊయల దాకా రెండడుగులు వేశారు. చేత్తో తాడు పట్టుకున్నారు. పట్టుకున్న చెయ్యి దాని మీద బరువు వెయ్యలేదు. కళ్ళు ముడి మీదికి వెళ్ళాయి, అక్కడి నుంచి కింద పరిచిన పట్టాల మీదికి, అక్కడి నుంచి అక్క మొహం మీదికి. చెయ్యి తీసేశారు.

"నా బరువుకీ దీనికీ ఏం సంబంధం" అని గొణిగారు. "నువ్వు తేలిక కదే, నీకేం కాదు. నువ్వెక్కు."

"మరి మాకో?" అంది డ్రిల్లు టీచరు.

మా అక్కకి నోట్లో నాలుక లేదని మా చుట్టాలందరూ అంటారు. ఆ రోజు ఆ చుట్టాల్లో ఒక్కరైనా అక్కడ ఉండాల్సింది.

"తెలుసన్నమాట!" అని అరిచింది. ఆ అరుపుకి వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. "మీరెక్కడానికి భయపడ్డ తాడు నాకిచ్చారు. అడవిలో కట్టుకుని పడుకోమన్నారు. నిన్నటి నుంచీ మీకు తెలియదనే అనుకుంటూ కూర్చున్నాను నేను. అన్నం వడ్డిస్తూ కూడా పాపం తెలియదు అనుకున్నాను! ఇన్నేళ్ళూ నన్ను అందరి ముందూ ఎక్కించింది ఇందుకేనా, నేను ఎక్కితే ఏ తాడైనా ఆగుతుందనా?"

"అందరి ముందూ ఏమిటిది, లోపలికి పద" అన్నారు బావగారు గొంతు తగ్గించి.

"వెళ్ళను. అందరి ముందేగా ఊగింది!"

బావగారు తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయారు. నాకు కోపంతో కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆయన్ని నాలుగు దులుపుదామని ముందుకు వెళ్ళాను గానీ, అక్క అప్పటికే ఆయన్ని వదిలేసి గోడ దగ్గరికి పోయింది. కత్తితో నారింజతాడు ఊయల నుంచి కోసి పారేసింది. నీలం రీలు లాగి, తనకి కావలసినంత కొలిచి కోసింది. లోపలి నుంచి మూట తెచ్చి, అందులోంచి స్టీలు గ్లాసు, అదనపు దుప్పటి, దువ్వెన, చిన్న అద్దం తీసి బల్ల మీద పెట్టి, మూటని కాటాలో వేసింది. చూసుకుని తలాడించింది. తర్వాత నీలంతాడుతో ఊయల మళ్ళీ కొక్కేలకి కట్టింది.

కట్టి, చెప్పులు విడిచింది. అలవాటు. కుడిచెయ్యి పైకెత్తి తాడు అందుకోబోతూ, భుజం పోటెత్తి మొహం చిట్లించింది.

"ఆగు" అన్నాను. "తప్పుకో. నేనెక్కుతా."

"నువ్వా?"

"నేనే. ఏం, నీ తాడు మీద నీకు నమ్మకం లేదా?"

ఎక్కాను. సొగసుగా ఎక్కానని చెప్పను. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, డ్రిల్లు టీచరు వెనక నుంచి ఒక తోపు. దూలం కిర్రుమంది, బావగారి నాన్న పోయాక ఆ చప్పుడు ఎవరూ విని ఉండరు. "అడ్డంగా కూర్చోకు, కాస్త ఏటవాలుగా పడుకో, ఒళ్ళు వదిలెయ్" అని అక్క చెబుతోంది. ఒక చెయ్యి ముడి మీద పెట్టి, తాడు మీదే చూపు నిలిపి ఉంది. నేను ఒళ్ళు వదిలేశాను, నాలుగు ఊపులు ఊగాను. తాడు ఇసుమంతైనా సాగలేదు. ఆ కొట్టులో మా అక్క కోసం ఒకళ్ళు ఊగడం అదే మొదలు.

జట్టువాళ్ళు నీలంతాడే కోయించుకుని వెళ్ళారు. నారింజరీలుని అక్క పై వరసలో పెట్టి, కింద అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "పట్టాలకు మాత్రమే" అని రాసి వేలాడదీసింది. ఆ రెండు రోజులూ ఇంట్లో మాటల్లేవు. వంట చేసింది, వడ్డించలేదట. సోమవారం పొద్దున మూట వీపున వేసుకుని, ఎడమ భుజం మీద బరువు సర్దుకుని, ఆయనకి చెప్పకుండా బయల్దేరింది. వీధి చివరిదాకా నేను వెళ్ళాను. మూట నన్ను ముట్టుకోనివ్వలేదు.

తిరిగొచ్చి కొట్టు తెరిచి కూర్చున్నాను. బావగారు ఎప్పటికో వచ్చి, నా వైపు చూడకుండా రీళ్ళు తుడిచినవే తుడుస్తూ, "ఎప్పుడొస్తానంది?" అన్నారు.

"నాకు చెప్పలేదు" అన్నాను. చెప్పింది. ఆయనకి చెప్పే ఉద్దేశం నాకు లేదు.

ఇంతలో ఒక కొత్త జంట వచ్చింది. ఊయలకి తాడు కావాలన్నారు. ఆ అబ్బాయి పైన కొక్కేల వంక చూసి, "ఇక్కడ ఊగి చూపిస్తారట కదండీ?" అన్నాడు.

"తప్పకుండా" అన్నారు బావగారు. వెనకగది వైపు తిరిగి, "ఇదిగో..." అని నోరు తెరిచారు. ఆ గదిలో ఎవరున్నారు? మిషను మీద గుడ్డ కప్పి ఉంది. నోరు అలాగే తెరుచుకుని నా వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేం?" అన్నాను. "నాకు నడుంనొప్పి. మీరు చెప్పులు విడవండి బావగారూ."